గుండె మాత్ర, మూలిక, మధ్యలో మన కడుపు

(మన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



సొసైటీ సెక్రటరీ మైకు పట్టుకుంటే పట్టు ధర గురించో, మజూరీ గురించో, రావలసిన రిబేటు గురించో మాట్లాడతాడని మీరందరూ అనుకుంటారు. అవన్నీ తీర్మానాల్లో ఉన్నాయి. ఈ పావుగంటలో మేము వేరే లెక్క అప్పచెప్పాలి. మా సొసైటీ తెలియక చేసిన ఒక తప్పు లెక్క. ఆ తప్పు దగ్గర మొదలై మా సభ్యుడొకాయన రెండుసార్లు ఆసుపత్రి పాలయ్యేడు. ప్రాణం దక్కింది గనక ఈ రోజు మీ ముందు నిలబడి చెప్పగలుగుతున్నాం. ఆయన్ని అడిగే చెప్తున్నాం. "చెప్పు తమ్ముడూ, నలుగురికీ పనికొస్తే మంచిదే. పేరు మాత్రం వద్దు" అన్నాడు. కాబట్టి ఆయన్ని పెద్దన్నయ్య అందాం. మా కమిటీవాళ్లందరికీ ఆయన పెద్దన్నయ్యే.

ముందే ఒక మాట. మేము చదివింది ఎనిమిదో తరగతి. వైద్యం మా విద్య కాదు. ఇప్పుడు చెప్పేదంతా పెద్దాసుపత్రి గుండె డాక్టరుగారు ఓపిగ్గా చెప్పిందీ, మా పేట ఆయుర్వేద వైద్యులుగారు చెప్పిందీ, ఫార్మసీ చదువుతున్న మా మనవరాలు పుస్తకాలు చూసి విడమరిచిందీను. మాకు ఎంత అర్థమైందో అంత, మన మగ్గం భాషలో చెప్తాం.

సొసైటీలో పంచిన చూర్ణం

మూడేళ్ల కిందట, దసరా ముందు, మా సొసైటీకి ఒక ఏజెంటు వచ్చేడు. చేతిలో గుండెకి మూలికల చూర్ణం. డబ్బా మీద ఒక పక్క చెట్టు బొమ్మ, ఒక పక్క గుండె బొమ్మ. మనవాళ్ల సంగతి మీకు తెలియంది కాదు. గుంట మగ్గంలోకి దిగితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూచోవడమే. మధ్యలో టీ, బీడీ. మా వైపు ఆడవాళ్లు కూడా పళ్లకి గుడాకు రుద్దుతారు, అదీ పొగాకే. అన్నంలోకి ఊరగాయ, అప్పడం, ఎండు చేప. బరంపురం అప్పడాలూ ఊరగాయలూ ఊరూరికీ వెళ్తాయి, వాటిలో ఉప్పు మాత్రం మా ఒంట్లోనే ఉండిపోతుంది. బీపీ ఉన్నవాళ్లూ, గుండె జబ్బు ఉన్నవాళ్లూ మా సభ్యుల్లో చాలామంది.

అలాంటి చోట ఏజెంటు చెప్పిన మాట తీయగా వినిపించింది. "ఇది ప్రకృతి మందు. సైడ్ ఎఫెక్టు ఉండదు. మూడు నెలలు వాడితే ఇంగ్లీషు మాత్రలు మానేయొచ్చు" అన్నాడు. కమిటీలో మాట్లాడుకుని నలభై డబ్బాలు తీసుకున్నాం. డబ్బు ఒకేసారి కట్టక్కర్లేదు, మూడు వాయిదాల్లో మజూరీలోంచి కోసుకుంటాం అని బోర్డు మీద రాసి పెట్టేం. ఆ రాత మా చేతిదే. ఏజెంటు మాట నమ్మి ఎవరూ కొనలేదండీ, సొసైటీ మాట నమ్మి కొన్నారు. పట్టు తూకంలో మోసం చెయ్యనివాళ్లు మందులో చేస్తారా అనుకున్నారు.

పెద్దన్నయ్య అంతకు రెండేళ్ల ముందు గుండెపోటు వచ్చి బతికినవాడు. గుండె కొట్టే బలం తగ్గిపోయిందని డాక్టర్లు చెప్పేరు. నీరు పోవడానికి ఒక మాత్ర, బీపీకి ఒకటి, కొవ్వుకి ఒకటి, రక్తం గడ్డ కట్టకుండా ఒకటి. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు మజూరీ పోతుంది. చూర్ణం మొదలెట్టిన మొదటి నెల హాయిగా ఉందన్నాడు. ఎందుకుండదు, మాత్రలు కూడా వేసుకుంటున్నాడు కదా. రెండో నెలలో మాత్రలు మానేసేడు.

కొద్ది రోజులకి పాదాలు ఉబ్బేయి. వదిన చూసి "చెప్పులు పట్టడం లేదేటి" అంటే, "గుంటలో చెమ్మ" అన్నాడు. మేమూ చెమ్మే అనుకున్నాం. రాత్రి పడుకుంటే ఊపిరాడక గోడకి జేరబడి కూచునేవాడట. ఒక తెల్లవారుజామున ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తేం. డాక్టరుగారు చూసిన వెంటనే అడిగిన మాట, "ఏం మానేసేరు?" మేము జేబులోంచి డబ్బా తీసి చూపించేం. ఆయన డబ్బా వైపు చూసి, మా వైపు చూసి, "మీ సొసైటీ పట్టు ఇస్తుందా, మందులు ఇస్తుందా?" అన్నాడు. తల దించుకున్నాం. చెప్పడానికి ఏముంది.

చెట్టు తప్పేం లేదు

పెద్దన్నయ్య తేరుకున్నాక డాక్టరుగారిని అడిగేం. మా తాతలు ఆకులతోనే బతికేరు కదా, ఈ మూలికలన్నీ దండగేనా అని. ఆయన చెప్పిన జవాబు మాకు చాలా నచ్చింది. "చెట్టుని నేనేమీ అనలేదు. నా దగ్గరున్న మాత్రల్లో కూడా చెట్టూ బూజూ ఉన్నాయి" అన్నారు.

ఆ డబ్బాలో ఉన్న ముఖ్యమైన మూలిక తెల్లమద్ది బెరడు. అర్జున చెట్టంటారు. మనకి ఆ చెట్టు కొత్త కాదు. దసలి పట్టు పురుగుని పెంచేది మద్ది చెట్ల మీదే. ఒడిశా అడవుల్లో ఈ రోజుకీ పెంచుతున్నారు. దాని బెరడు గుండెకి మంచిదని ఆయుర్వేదంలో ఎప్పట్నుంచో ఉంది. ఈ కాలంలో డాక్టర్లు కూడా దాన్ని పరీక్షించి చూసేరు. ఐతే మాత్రలు వాడుతున్న రోగులకి దానితో పాటు ఇచ్చి చూడడం వేరు, మాత్రలు ఆపేసి దాన్నే ఇవ్వడం వేరు. గుండె బలం తగ్గిన మనిషి మాత్రలు మానేసి బెరడు మీద బతకొచ్చని ఎవరూ రుజువు చెయ్యలేదు. మా పేట వైద్యులుగారు కూడా అదే అన్నారు. "నన్నడిగితే మాత్రలు మానమని చెప్పేవాణ్ణా? మీరు నన్నడగలేదు, డబ్బా అమ్మేవాణ్ణి అడిగేరు" అన్నారు. ఆ దెబ్బ కూడా తగలవలసిన చోటే తగిలింది.

మరి చెట్టు నుంచి వచ్చిన గుండె మందులేవి? మనవరాలు చెప్పిన మూడు కథలు క్లుప్తంగా చెప్తాం.

సర్పగంధ అని ఒక వేరు ఉంది. మన దేశంలో పాత మందు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ అది బీపీని తగ్గిస్తుందని రోగుల మీద చూసి, ఇంగ్లండు పత్రికలో రాసేరు. 1952లో స్విట్జర్లాండు వాళ్లు దాన్లో పనిచేసే పదార్థాన్ని విడదీసేరు, దాని పేరు రిసర్పిన్. ప్రపంచమంతా వాడేరు. తర్వాత కొందరికి మనసు బాగా కుంగిపోతోందని తెలిసింది, అంతకన్నా మంచి మందులు కూడా వచ్చేయి, దాని వాడకం తగ్గింది. చూడండి, మన నేల మీద మొలిచిన మూలికే, దానికీ సైడ్ ఎఫెక్టు ఉంది.

రెండోది కొవ్వు మాత్ర. స్టాటిన్ అంటారు. జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన వేలకొద్దీ బూజుల్ని పరీక్షించి, 1973లో మొదటి స్టాటిన్‌ని కనిపెట్టేడు. అది దొరికింది ఎక్కడంటే, క్యోటో ఊళ్లో ఒక దుకాణం బియ్యానికి పట్టిన బూజులో. ఇంగ్లీషు మందు అని మనం మొహం ముడుచుకునే కొవ్వు మాత్రకి పుట్టిల్లు బియ్యం బూజు.

మూడోదే మన కథకి ముఖ్యం. 1775లో ఇంగ్లండులో విలియం విథరింగ్ అనే డాక్టరుకి ఒక సంగతి తెలిసింది. ష్రాప్‌షైర్ అనే చోట ఒక ముసలమ్మ ఒంటికి నీరు పట్టినవాళ్లకి ఇరవై పైచిలుకు ఆకులు కలిపి మందిస్తోంది, డాక్టర్లు వదిలేసినవాళ్లు కూడా కొందరు లేస్తున్నారు అని. ఆయన ఆ ఆకుల్ని విడదీసి, పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే పూలమొక్క ఆకు ఒక్కటే అని పట్టుకున్నాడు. తొందరపడలేదు. పదేళ్లు రోగుల్ని చూసి, ఎవరికి పనిచేసింది, ఎవరికి వికటించింది అంతా రాసి, 1785లో పుస్తకం వేసేడు. అదే జాతి మొక్క నుంచి 1930లో తీసిన మందు డిజాక్సిన్. ఈ రోజుకీ గుండె లయ తప్పినవాళ్లకి, గుండె బలం తగ్గినవాళ్లలో కొందరికి ఇస్తారు.

ఈ మందుకి ఒక గుణం ఉంది. మేలు చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. పెద్ద మాత్రలో మందు ఎంతంటే ఒక గ్రాములో నాలుగు వేలో వంతు. జరీ తూచే త్రాసులో పెడితే ముల్లు కదలదు. అందుకే డాక్టర్లు నెత్తురు పరీక్ష చేసి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి, లెక్క కట్టి ఇస్తారు.

పెద్దన్నయ్యకి ఆసుపత్రిలో గుండె లయ కూడా తప్పిందని తేలింది. పాత మాత్రలకి తోడు ఈ డిజాక్సిన్ కలిపేరు. మనిషి కోలుకున్నాడు. మళ్లీ మగ్గం ఎక్కేడు. కథ అక్కడితో ఐపోతే బాగుండేది.

తెల్ల పట్టు పచ్చగా కనిపించిన రోజు

మా బరంపురం పట్టులో పెళ్లికి జోడు నేస్తాం. పెళ్లికూతురికి చీర, పెళ్లికొడుక్కి పంచె. ఆ చలికాలం పెద్దన్నయ్యకి ఒక జోడు పని ఇచ్చేం. వారం తిరక్కుండా పట్టు చిలప పట్టుకొచ్చి బల్ల మీద పడేసేడు. "ఇదేం పట్టు తమ్ముడూ, పచ్చ దిగింది. పెళ్లి పంచె ఎలా నేస్తాను?" అన్నాడు. మేము చిలప తీసుకెళ్లి ఎండలో పెట్టి చూసేం. మల్లెపువ్వులా ఉంది. "అన్నయ్యా, పట్టు బాగానే ఉంది, నీ కళ్లజోడు మార్చు" అని నవ్వేం. అక్కడున్నవాళ్లందరూ నవ్వేరు. ఆయన ఏమీ అనకుండా చిలప సంచిలో పెట్టుకుని వెళ్లిపోయేడు.

ఆ నవ్వు ఈ రోజుకీ మాకు గుచ్చుకుంటుంది. యాభై ఏళ్లు రంగు చూసి చెప్పిన కన్ను అది. తెలుపులో నాలుగు రకాల తెలుపు చెప్పగలడు. అలాంటివాడికి తెలుపు పచ్చగా కనిపించిందంటే, కారణం ఏంటని మేము ఆగి అడగలేదు.

అప్పటికి మూడు రోజుల నుంచి అన్నం సయించడం లేదు, వాంతి వచ్చేటట్టు ఉంటోంది. పైత్యం అనుకుని వదిన జీలకర్ర కషాయం ఇచ్చింది. మర్నాడు మగ్గం దగ్గరే కళ్లు తిరిగి పడిపోయేడు. మళ్లీ పెద్దాసుపత్రి. నాడి బాగా నెమ్మదించి, తప్పుతూ కొట్టుకుంటోంది. డాక్టరుగారు అడిగేరు, "రంగులు ఎలా కనిపిస్తున్నాయి?" మాకు ఒళ్లు జల్లుమంది. డిజాక్సిన్ ఒంట్లో ఎక్కువైతే ఆకలి చస్తుంది, వాంతులొస్తాయి, కొందరికి చూపు పసుపు పచ్చగా మారుతుంది, గుండె లయ తప్పుతుంది. పెద్దన్నయ్యకి ఇవన్నీ ఉన్నాయి.

"మాత్ర రెండేసి వేసుకున్నావా?" అంటే, లేదు. లెక్క ప్రకారం రోజుకి ఒకటే వేసుకున్నాడు. మరి ఎలా ఎక్కువైంది? డాక్టరుగారు ఒక్కొక్కటే అడుగుతూ వచ్చేరు. అంతకు పది రోజుల ముందు దగ్గొచ్చింది. ఎవరినీ అడక్కుండా మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకున్నాడు. దానికి తోడు ఇంట్లో రోజూ అతిమధురం నమిలేడు. ఈ రెండూ డాక్టరుకి చెప్పలేదు. చెప్పాలని ఆయనకి తెలియదు. మాకూ తెలియదు.

కడుపులో ఉన్న బాన

ఇక్కడే మేము ఎప్పుడూ వినని సంగతి విన్నాం. మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయట. అవి జబ్బు పురుగులు కావు, మనతో కాపురం ఉండేవే. మనం అరిగించుకోలేని పీచుని అవి అరిగిస్తాయి. మనం మింగిన మందుల మీద కూడా అవి పనిచేస్తాయి. ఒక మందుని చంపుతాయి, ఒక మందుని లేపుతాయి.

డిజాక్సిన్‌ని చంపే సూక్ష్మజీవి ఒకటుంది. దాని పేరు ఎగ్గర్‌తెల్లా లెంటా. పదిమందిలో సుమారు ఒకరి కడుపులో ఈ పని గట్టిగా జరుగుతుంది. వాళ్లు మింగిన డిజాక్సిన్‌లో మంచి భాగాన్ని కడుపులోని జీవులే పనికిరాకుండా చేసేస్తాయి. 1981లో అమెరికా డాక్టర్లు ఈ సంగతి చూపించేరు. అలాంటి రోగులకి ఎరిత్రోమైసిన్, టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తే నెత్తుట్లో డిజాక్సిన్ రెండింతల దాకా పెరిగింది. ఎందుకంటే మందుని తినేసే జీవులు చచ్చిపోయేయి, అంతవరకూ సగం వృథాగా పోయే మందు మొత్తం ఒంటికెక్కింది. మాత్ర మారలేదు, మోతాదు మారలేదు, కడుపు మారింది. 2013లో ఆ జీవిలో ఏ జన్యువులు ఈ పని చేస్తున్నాయో కూడా పట్టుకున్నారు.

మనవరాలు ఇది చెప్తుంటే మాకు నీలి బాన గుర్తొచ్చింది. మందు రంగులు రాకముందు మన పెద్దలు నీలి అద్దకం ఎలా చేసేవారు? నీలిమందు ముద్ద నీళ్లలో కరగదు. బానలో వేసి, సున్నం, తగిరస గింజల ఉడుకు కలిపి మూత పెట్టి కొన్ని రోజులు పులవనిచ్చేవారు. బాన "పండితే" నీలి కరిగి, నూలు పట్టేది. బయటికి తీసి గాలి తగిలితే నీలం తేలేది. ఆ పండించేది ఎవరు? సూక్ష్మజీవులే. "అవును తాతయ్యా, నీలి మీద బానలో జీవులు చేసేదీ, డిజాక్సిన్ మీద కడుపులో జీవులు చేసేదీ ఒక జాతి పనే. అక్కడ రంగు కరుగుతుంది, ఇక్కడ మందు చస్తుంది" అంది. బాన పండకపోతే ఎంత మంచి నీలి వేసినా నూలుకి ఎక్కదని మన తాతలకి తెలుసు. బాన ఊరికొకటి, ఇంటికొకటి వేరని కూడా తెలుసు. ఒకే రంగు, ఒకే పట్టు తీసుకెళ్లి ఈ నూతి నీళ్లలో అద్దితే ఒక ఛాయ, ఆ నూతి నీళ్లలో అద్దితే ఇంకో ఛాయ. మందు కూడా అంతే. పక్కింటాయనకి పడింది నాకు పడాలని లేదు.

ఇంగ్లీషు మందుకే కాదు, మూలికకీ ఇదే న్యాయం. అతిమధురం సంగతి చూడండి. దాన్లో ఉన్న తీపి పదార్థాన్ని పేగుల్లోని జీవులు విడగొడితేనే అది ఒంటి మీద బలంగా పనిచేసేది. అలా విడిపోయినది ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడుతుంది, బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. పొటాషియం తగ్గినవాడి మీద డిజాక్సిన్ ఇంకా ఘాటుగా పనిచేస్తుంది. నీరు పోయే మాత్రలు కూడా చాలావరకూ పొటాషియాన్ని తగ్గించేవే. దగ్గుకి ఎప్పుడో ఒక ముక్క నమిలితే మామూలు మనిషికి ఏమీ కాదు. గుండె మాత్రలు వాడేవాడు రోజూ నమిలితే అది మందుకి మందు తోడవడం.

తెల్లమద్ది బెరడులో వగరు ఉంటుంది. దాని చుట్టం కరక్కాయలో కూడా అదే వగరు, కలంకారీ వాళ్లు గుడ్డకి రంగు పట్టడానికి కరక్కాయ పెడతారు. దానిమ్మలోనూ ఉంది. ఆ వగరు పదార్థాల్లో కొన్నిటిని పేగుల్లో జీవులు చిన్న ముక్కలుగా మారుస్తాయి. అలా మార్చే జీవులు అందరి కడుపులోనూ ఒకేలా ఉండవు. కాబట్టి ఒకే చూర్ణం నలభై మందికి పంచితే నలభై ఛాయలు వస్తాయి. మేము చేసింది అదే. నలభై బానల్లో ఒకే కొలతతో రంగు వేసేం.

పెద్దన్నయ్య విషయంలో కారణం ఇది ఒక్కటే అని డాక్టరుగారు అనలేదు. "కిడ్నీ కొంచెం నెమ్మదిగా ఉంది, యాంటీబయాటిక్ పడింది, అతిమధురం తోడైంది. మూడూ కలిసి ఉంటాయి. నాకు ముందే తెలిసి ఉంటే మోతాదు తగ్గించేవాణ్ణి, నెత్తురు పరీక్ష చేసేవాణ్ణి" అన్నారు. "తెలిసి ఉంటే" అన్న ఆ మాట పట్టుకునే మేము ఇంత దూరం వచ్చేం.

తిండి మాట

ఇది విన్నాక మనవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న, మరి ఏం తినాలి అని. మేము పథ్యం చెప్పేవాళ్లం కాదు. విన్నది చెప్తాం.

కోడిగుడ్డు సొన, కార్జం, మేక మాంసం లాంటి వాటిలోని కొన్ని పదార్థాల్ని కడుపులోని జీవులు ఒక వాయువుగా మారుస్తాయి, దాన్ని మన కార్జం ఇంకో పదార్థంగా మారుస్తుంది. అది నెత్తుట్లో ఎక్కువ ఉన్నవాళ్లకి గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయని 2011లో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు చెప్పేరు. దీని మీద ఇంకా పరిశోధన నడుస్తోంది. దానికి భయపడి వారానికి రెండు గుడ్లు తినేవాడు మానక్కర్లేదని డాక్టరుగారి మాట. ఆకుకూర, కాయగూర, పప్పు, చోళ్లు, దంపుడు బియ్యం, వీటిలో పీచు ఆ జీవులకి మేత. ఇసబ్‌గోల్ పొట్టు కూడా పీచే, కొవ్వుని కొంచెం తగ్గిస్తుంది, ఐతే మాత్రలతో కలిపి మింగకూడదు, ఎడం ఇవ్వాలి.

మా వైపు చద్దన్నం గురించి చెప్పకపోతే ఊరుకోరు. మన తరవాణి, ఒడియావాళ్ల పఖాళ, రెండూ పులిసిన అన్నమే. మార్చి 20న పఖాళ దినం అని సంబరంగా చేసుకుంటారు. మంచి జీవులున్న చల్లటి తిండి, ఎండలో మగ్గం నేసేవాడికి ప్రాణం లేచొస్తుంది. గుండెకి అది మందని మాత్రం ఎవరూ అమ్మకానికి పెట్టకండి. పైగా ఆ గిన్నె పక్కన మనం పెట్టుకునేది ఎండు చేప, అప్పడం, ఊరగాయ. గుండె బలం తగ్గినవాడికి ఉప్పు ఒంట్లో నీటిని నిలబెడుతుంది. అన్నాన్ని తప్పుపట్టక్కర్లేదు, నంజుకునేదాన్ని చూసుకోవాలి.

ఇంకొక హెచ్చరిక. ఎవరైనా గుండెకి మంచిదని పచ్చగన్నేరు గానీ, ఎర్ర గన్నేరు గానీ కషాయం చెప్తే ఆ గడప దిగి వచ్చేయండి. వాటిలో ఉండేది డిజాక్సిన్ లాంటి పదార్థమే, కొలత లేనిది. ప్రాణాలు పోతాయి. గుడిలో పూలకి బాగుంటుంది, గ్లాసులోకి పనికిరాదు.

మేము చేసింది, మిమ్మల్ని అడిగేది

ఆ తర్వాత మా కమిటీ కూచుని మూడు పనులు చేసింది. చూర్ణం డబ్బు నలభై మందికీ తిరిగి ఇచ్చేం. కమిటీ సభ్యులం మా చేతి నుంచి వేసుకున్నాం, సొసైటీ నిధి ముట్టలేదు. సొసైటీ ఆవరణలో ఏ మందూ అమ్మకూడదని తీర్మానం రాసేం. మూడోది, ప్రతి సభ్యుడి పాస్‌బుక్కు వెనక అట్టకి ఒక చీటీ అంటించేం. దాని మీద నాలుగు గళ్లు: డాక్టరు ఇచ్చిన మాత్రలు, వైద్యులు ఇచ్చిన మందులు, ఇంట్లో రోజూ తీసుకునే ఆకులు పొడులు, ఈ నెలలో షాపులో కొన్నవి. మజూరీకి వచ్చినప్పుడు చదువుకున్న పిల్ల ఎవరో ఒకరు అడిగి రాస్తారు. ఆసుపత్రికి వెళ్తే పాస్‌బుక్కు తీసుకెళ్లమంటాం. మొదట్లో నవ్వేరు, "బ్యాంకు లోను అడగడానికా" అని. ఇప్పుడు డాక్టరుగారే "మగ్గం పాస్‌బుక్కు ఏదీ" అని అడుగుతున్నారు. ఆ చీటీ చూసి ఒకావిడకి షాపు మాత్ర ఒకటి ఆపేరు కూడా.

మిమ్మల్ని అడిగేది పెద్ద పని కాదు. మీ మీ ఊళ్ల సొసైటీల్లో కూడా ఇలాంటి చీటీ పెట్టండి. మరాఠీలో గానీ, తమిళంలో గానీ, కన్నడంలో గానీ, ఒడియాలో గానీ, అక్కడి డాక్టరుకి చదవడానికి వీలైన భాషలో రాయండి. మాత్ర మానాలనిపిస్తే మానడానికి ముందు ఇచ్చిన డాక్టరుకి చెప్పండి. ఖర్చుకి మానుతున్నామని చెప్పడానికి సిగ్గుపడకండి, తక్కువ ధర మాత్ర ఉంటే రాస్తారు. యాంటీబయాటిక్ షాపులో అడిగి కొనకండి, అది దగ్గుతో పాటు మీ కడుపు బానని కూడా మారుస్తుంది. మూలిక వాడితే దాచకండి. దాచిన మూలికే ప్రమాదం. మన సమాఖ్య వచ్చే ఏడు వైద్య శిబిరం పెట్టేటప్పుడు గుండె డాక్టరునీ ఆయుర్వేద వైద్యుణ్ణీ ఒకే బల్ల దగ్గర కూచోబెట్టాలని మా మనవి. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటే మధ్యలో డబ్బా అమ్మేవాడికి చోటుండదు.

పెద్దన్నయ్య ఇప్పుడు గుంటలోకి దిగడం లేదు. ఇంట్లో కూచుని కండెలు చుడతాడు. డిజాక్సిన్ మోతాదు తగ్గించేరు, చూపు బాగుంది. పోయిన నెల కొత్త పట్టు వస్తే ముందు ఆయనకే చూపించేం. చిలప వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసేడు. "తెల్లగానే ఉంది తమ్ముడూ" అన్నాడు. ఈసారి మేము నవ్వలేదు. ఎండలోకి తీసుకెళ్లి మేము కూడా ఒకసారి చూసుకున్నాం.